ఉయ్యాల మీద సముద్రం

భాగీరథమ్మ గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏ సందేహం అడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కాదు. "మళ్లీ అడుగు" అనేవారు. రెండోసారి అడిగేటప్పటికి ప్రశ్న సగానికి తగ్గేది. ఇంకోసారి అడగమనేవారు. అప్పటికి అందులో ఒక్క మాట మిగిలేది. భీమిలిలో ఆవిడ ఇంటి వరండాలో ఆదివారాలు వేదాంతం వినడానికి పోగయ్యే మా అందరికీ ఈ సంగతి తెలుసు. తెలిసి కూడా ప్రతివాళ్లమూ చాంతాడంత ప్రశ్నతోనే వెళ్లేవాళ్లం.

ఆ ఆదివారం నరహరి వంతు. అతను వినపడని పిల్లల కోసం అద్దె ఇంట్లో, రెండు గదుల్లో ఒక బడి నడుపుతున్నాడు. చోటు చాలక పిల్లలు గుమ్మంలో కూర్చుని పాఠం నేర్చుకుంటున్నారు. ఎవరో దాత ఊరి చివర నాలుగంతస్తుల భవనం ఇస్తానంటున్నాడు. తీసుకుంటే ఇప్పుడున్న వాళ్లకి ఎన్నో రెట్లు పిల్లలు వస్తారు, పంతుళ్లు కావాలి, వంటవాళ్లు కావాలి, రాత్రిళ్లు కాపలా కావాలి. తీసుకోకపోతే గుమ్మంలో పిల్లలు గుమ్మంలోనే ఉంటారు. ఇదంతా చెప్పి, మనిషి ఎంతవరకు పెరగాలన్నదానికి శాస్త్రంలో ఏదైనా ప్రమాణం ఉందా అని అడిగాడు. "మళ్లీ అడుగు" అన్నారావిడ. "ఎంత పెద్దది అయితే సరిపోతుందమ్మా?" అన్నాడు. "మళ్లీ." నరహరి చాప అంచులోంచి ఒక పుల్ల పీకాడు. చివరికి, "భయమేస్తోందమ్మా" అన్నాడు. ఆవిడ తల ఊపి, కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుని, తాను చూసిన ఒక సంగతి చెప్పారు. ఆవిడ మాటల్లోనే రాస్తాను.

మా చెల్లెలి కూతురు మంజరి విశాఖపట్నంలో, పెదవాల్తేరులో ఉంటుంది. దాని మొగుడికి ఓడ మీద ఉద్యోగం. పురిటికి మనిషి తోడు లేదంటే నేను వెళ్లి కొన్ని నెలలు ఉన్నాను. పాత కాలపు అపార్ట్‌మెంటు. మంజరి వాళ్లది రెండో అంతస్తు. సరిగ్గా ఆ పైన ఫల్గుణరావు, రమణి అని ఒక జంట ఉండేవారు. ఆయన కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాడు. ఆవిడ మందుల షాపు చూసుకునేది. పిల్లలు లేరు. వాళ్ల ముందు గదిలో ఒక గాజు తొట్టి, అందులో ఉప్పునీళ్లు, సముద్రపు రాళ్లు, చేపలు. మంచినీళ్ల చేపల్లాంటివి కావవి. నీళ్లలో ఉప్పు ఏ కాస్త అటూ ఇటూ అయినా, వేడి ఏ కాస్త పెరిగినా ప్రాణాలు పోతాయట. నారింజ రంగు మీద తెల్లచారల చేపలు రెండుండేవి. వాటితోపాటు పసుపు తోకతో, ఒళ్లంతా ముదురు నీలంగా ఇంకొకటి. దాన్ని నీలి అనేవారు. తెచ్చినప్పుడు బొటనవేలంత ఉండేదట. నేను చూసేనాటికి అరచేతికి మించింది. ఈదడం మొదలుపెట్టీ పెట్టకుండానే గోడ వచ్చేసేది. తిరిగేది, మళ్లీ గోడ. పగలంతా అదే పని. దాని కళ్ల పక్కన చర్మం రంగు వెలిసి, పాలిపోయి ఉండేది. "దిగులుకి అలా అవుతుంది పిన్నిగారూ" అని రమణి నాతో అంది.

తొట్టి మార్చాల్సిందేనని ఇద్దరికీ తెలుసు. ఎంతది తేవాలన్నదే మాట. తొట్టి ఎంత పెద్దదైతే నీళ్లు అంత నిలకడగా ఉంటాయని షాపువాడు చెప్పాడు. అందులో అబద్ధం లేదు. చెంబుడు నీళ్లు ఎంతలో పాడవుతాయి, చెరువు ఎంతలో పాడవుతుంది? ఫల్గుణరావు ఆ మాట పట్టుకున్నాడు. ముందు గదిలో ఈ గోడ నుంచి ఆ గోడదాకా, నా భుజాలంత ఎత్తున, గాజు తొట్టి చేయించాడు. దాన్ని మోయడానికి ఎంతమంది కూలీలు వచ్చారో, మెట్ల మీద వాళ్ల కేకలకి బిల్డింగంతా బయటికొచ్చి చూసింది. "ఇందులో నీళ్లు పోస్తే ఎంత బరువుంటుందండీ?" అని రమణి అడిగితే, ఆయన నవ్వి, "ఇల్లు కట్టినవాడు అంతమాత్రం చూసుకోడా?" అన్నాడు. ఆవిడ నవ్వలేదు. మా ఇంటికి వచ్చి, మంజరి పడుకునే ముందు గది గుమ్మంలో నిలబడి, పైకి చూసింది. సరిగ్గా ఆ తొట్టి కిందే మా గది కప్పుకి ఒక కొక్కెం ఉంది. ఆ కొక్కేనికి గొలుసులు, గొలుసులకి ఉయ్యాల, ఉయ్యాల్లో ఇంకా పేరు పెట్టని పసిబిడ్డ.

నింపే రోజు మధ్యాహ్నం మంజరి స్నానానికి వెళ్లింది. నేను ఉయ్యాల ఊపుతున్నాను. పైన నీళ్లు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది, దూరంగా వాన పడుతున్నట్టు. నిజం చెప్పొద్దూ, హాయిగానే ఉంది. కాసేపటికి నెత్తి మీద టక్‌మని ఒక చప్పుడు. గట్టిదేం కాదు. ఎవరో మెటిక విరిచినట్టు. ఉయ్యాల గుడ్డ మీద తెల్లటి పొడి రాలింది. బిడ్డ తుమ్మింది. నేను తలెత్తి చూశాను. కొక్కెం దగ్గర మొదలై గోడవైపు వెంట్రుకలా ఒక గీత. అది అంతకుముందు ఉందో లేదో నాకు తెలీదు. కప్పు వైపు ఎప్పుడు చూశాను గనక? బిడ్డని ఎత్తుకున్నాను. కాళ్లు కదల్లేదు. పరిగెత్తాలని తెలుసు, కానీ నేను అడుగు వేస్తే ఆ అదురుకే అంతా కూలుతుందేమోననిపించింది. ఎన్నేళ్లుగానో మీ అందరికీ మరణం గురించి చెప్తున్నదాన్ని, ఆ గదిలో మధ్యన, ఆ గీత కింద, దేవుణ్ణి కూడా తలుచుకోలేకపోయాను. నీళ్ల చప్పుడు మాత్రం ఆగలేదు.

ఎలా బయటపడ్డానో గానీ, బిడ్డని మంజరి చేతిలో పెట్టి, ఆ గదిలోకి వెళ్లొద్దని చెప్పి పైకెళ్లాను. తలుపు తీసే ఉంది. కొత్త తొట్టి సగం దాటి నిండింది. పాత తొట్టి ఖాళీ అయి బాల్కనీలో ఉంది. చేపలు ప్లాస్టిక్ టబ్బుల్లో ఉన్నాయి. టబ్బుల్లోకి గాలి పంపే చిన్న మోటారు తిరుగుతోంది. "కప్పు బీటేసింది నాయనా" అన్నాను. ఫల్గుణరావు గొట్టం వదల్లేదు. "పైపూత ఊడి ఉంటుంది పిన్నిగారూ. పాత బిల్డింగు కదా" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. గొట్టం మాత్రం తొట్టిలోకి ఇంకాస్త లోపలికి తోశాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మోటారు ఆగింది. నీళ్ల చప్పుడు మీంచి కూడా కింద బిడ్డ ఏడుపు మాకు వినిపించింది. రమణి టబ్బు దగ్గర చతికిలబడి, చెంబుతో నీళ్లు ఎత్తి పైనుంచి పొయ్యడం మొదలెట్టింది, నురగ వస్తే కాస్త గాలి అందుతుందని. నీలి ఒక పక్కకి ఒరిగిపోయి నోరు తెరుస్తోంది, మూస్తోంది.

"ఆపండి" అంది రమణి, తలెత్తకుండా.

"ఇప్పుడు ఆపితే ఇవి చస్తాయి రమణీ. వీటికి ఇంకో చోటు లేదు."

"ఆపకపోతే?"

ఆయన నేల వైపు చూశాడు. గచ్చు కింద ఏముందో అప్పుడే మొదటిసారి కనిపించినట్టు చూశాడు. గొట్టం చేతిలోంచి జారిపోయింది. ఆ తరవాత నాకు గుర్తున్నది కాళ్లు, బకెట్లు, తడి మెట్లు. ఒక గొట్టం బాల్కనీలోంచి కిందికి వదిలారు. అది చాలక పక్కింటివాళ్లు, ఎదురింటివాళ్లు వచ్చి బకెట్లతో తోడి బాత్రూముల్లో పోశారు. అడుగు గట్టిగా వేస్తే పక్కవాళ్లు "మెల్లగా, మెల్లగా" అనేవారు. ఒకళ్ల బకెట్టు నేలకి తగిలి చప్పుడైతే అందరూ ఎక్కడివాళ్లు అక్కడ బిగుసుకుపోయేవారు. తొట్టి ఎంత ఖాళీ అయినా భయం తగ్గలేదు. అంత పెద్ద గాజు, అందులో జరజరా దిగిపోతున్న నీళ్లు, ఇంకా ఉన్నాయి, ఇంకా ఉన్నాయి. రమణి ఒక్కతీ ఇవేవీ పట్టించుకోకుండా, పాత తొట్టిని లోపలికి లాక్కొచ్చి, ఆ నీళ్లే అందులో పోసి, రాళ్లు పేర్చి, చేపల్ని దింపింది. చారల చేపల్లో ఒకటి చచ్చిపోయింది. నీలి మూలన రాయికి ఆనుకుని, డొక్కలు ఎగరేస్తూ, బతికింది.

మర్నాడు ఒక ఇంజినీరు వచ్చి, మా గది కప్పు మీద సుత్తితో కొట్టి చూశాడు. బీట పైపూతలోనే ఉంది, శ్లాబులో లేదన్నాడు. ఫల్గుణరావు హమ్మయ్య అనబోయాడు. ఇంజినీరు సుత్తి సంచిలో పెట్టుకుంటూ, "పూర్తిగా నింపి ఉంటే ఏమయ్యేదో మాత్రం నేను చెప్పలేను సార్" అన్నాడు. ఆ మాటతో ఆయన మనిషి మారిపోయాడు. పెద్ద తొట్టిని ఎవరికో ఇచ్చేశాడు. నడిచేటప్పుడు గోడవారగా నడిచేవాడు. పాతదానికన్నా జానెడు పెద్దది తెస్తానన్నాడు. మరి నీలి మాటేమిటని అడిగితే, దాన్ని షాపులో తిరిగి ఇచ్చేస్తానన్నాడు. మంజరికి క్షమాపణ చెప్పడానికి ఇద్దరూ మా ఇంటికి వచ్చినప్పుడు ఈ మాటలన్నీ నా ఎదుటే జరిగాయి. రమణి చాలాసేపు విని, గట్టిగా కూడా కాదు, మామూలుగా అంది: "మొన్న గోడంత కావాలన్నారు. ఇవాళ జానెడు చాలంటున్నారు. రెండుసార్లూ మీ మొహమే చూసుకున్నారు గానీ, చేప వైపు చూశారా అండీ?"

రమణి తరవాతి రోజుల్లో షాపు నుంచి వచ్చాక తొట్టి ముందు కూర్చునేది. నీలి ఊపు అందుకోవడానికి ఎంత దూరం కావాలో, తిరగడానికి ఎంత వెడల్పు కావాలో చూసేది. ఇంజినీరునే మళ్లీ పిలిచి, ఇంట్లో కింద దూలం ఎక్కడుందో చూపించమంది. అది ముందు గది మధ్యలో కాదు, బయటి గోడ పక్కన ఉంది. తొట్టి అక్కడే పెట్టాలంది. లోతు దగ్గర షాపువాడు మళ్లీ ఏదో పెద్ద లెక్క చెప్పబోతే, ఆవిడ భుజందాకా చెయ్యి చాపి, "నా వేళ్లు అడుగుకి తగలాలి. అందని చోట చెత్త పేరుకుంటే ఎవరు తీస్తారు?" అంది. అలా వచ్చింది కొత్త తొట్టి. మొదటిదాని ముందు చాలా చిన్నది. పాతదాని ముందు చాలా పెద్దది. దాని వైపు వేలు చూపించి ఇదీ కొలత అని ఎవరూ చెప్పలేరు. ఆ ఇంటికి, ఆ చేపకి, ఆ చేతికి అది సరి. ఈసారి చేపల్ని కదపలేదు. కొత్త నీళ్లు కుదుటపడేదాకా అవి పాత తొట్టిలోనే ఉండాలని ముందే అనుకున్నారు.

నింపే రోజు రమణి మా ఇంటికి వచ్చి, బిడ్డని తీసుకుని ఎదురింట్లో కూర్చోమని మంజరితో చెప్పింది. తరవాత మొగుడితో, "ఈసారి నేను నింపుతాను. మీరు కింద ఉయ్యాల గదిలో ఉండండి" అంది. ఫల్గుణరావు మొహంలో నెత్తురు లేదు. కానీ వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. ఖాళీ ఉయ్యాల గొలుసు పట్టుకుని, తలెత్తి నిలబడ్డాడు. నేనూ గుమ్మంలోనే ఉన్నాను. పైన నీళ్లు మొదలయ్యాయి. ఎక్కడ ఏ తలుపు కొట్టుకున్నా ఆయన ఒళ్లు జలదరించేది. ఒకసారి పెదాలు కదిలాయి, ఏమన్నాడో నాకు వినపడలేదు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. మధ్యలో పైనుంచి రమణి, "ఏమండీ, ఎలా ఉంది?" అని కేకేసింది. ఆయన కప్పుని ఆ మూల నుంచి ఈ మూలదాకా చూశాడు, మళ్లీ చూశాడు. చూశాక, "పొయ్యి" అన్నాడు. ఇలా ఎన్నిసార్లో. చివరికి నీళ్ల చప్పుడు ఆగింది. ఏమీ జరగలేదు. ఆయన గొలుసు వదిలితే అరచేతిలో దాని లంకెల అచ్చులు పడి ఉన్నాయి.

భాగీరథమ్మ గారు అక్కడ ఆపి, కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. నేను కూడా అందరితోపాటు పైకి, ఆ ఇంటి కప్పు వైపు, ఒకసారి చూసిన గుర్తు.

"నీలి?" అని ఎవరో అడిగారు.

"ఈదుతోంది. నేను వచ్చేసేటప్పటికి కళ్ల పక్కన రంగు తిరుగుతోంది."

"ఆయన భయం పోయిందా అమ్మా?" అన్నాడు నరహరి.

"లేదు. ఎందుకు పోవాలి?"

నరహరి లేవబోయి, మళ్లీ కూర్చుని, "అయితే ఆ భవనం తీసుకోమంటారా, వద్దంటారా?" అన్నాడు. ఈసారి ఆవిడ మళ్లీ అడగమనలేదు.

"అది తరవాత చూద్దాం గానీ," అన్నారు, "ఆ భవనం నింపేటప్పుడు నువ్వెక్కడ నిలబడతావు నాయనా?"