ఎడమ భుజం మీది తుపాకీ

నాగవేణికి వారం నుంచి అన్నం సయించడం లేదు.

రైఫిల్ క్లబ్బు వాళ్లు ఆమె కోసం కొత్త రైఫిల్ తెప్పిస్తామన్నారు. రాష్ట్ర జట్టులో నిలవాలంటే ఇకమీదట దానితోనే కాల్చాలి. ఏ రకం కావాలో ఆ సాయంత్రానికల్లా సెక్రటరీకి చెప్పాలి. ఒకసారి తెప్పించాక మార్చడం ఉండదు. ఇన్నాళ్లూ సొంత తుపాకీ లేదని ఏడ్చిన పిల్లకు, ఇప్పుడు ఏది కావాలో తేలక ఏడుపొస్తోంది.

చిక్కంతా ఎడమచేతి వాటంతో వచ్చింది. తినడం, రాయడం ఇంట్లో వాళ్లు చిన్నప్పుడే చేతి మీద కొట్టి కుడికి మార్చారు. కన్ను మాత్రం ఎవరి మాటా వినలేదు. గురి ఎడమ కంటికే కుదిరేది, అందుకని తుపాకీ ఎడమ భుజానికెక్కింది. క్లబ్బులో ఉన్నవన్నీ కుడిచేతి వాళ్లవి. కాల్చిన తూటా గొట్టాన్ని బయటికి తీసి కొత్తది పెట్టాలంటే లాగే బోల్టు కుడి పక్కన ఉంటుంది. నాగవేణి ప్రతిసారీ ఎడమ చెయ్యి తుపాకీ మీదుగా అవతలికి చాచి లాగేది. "ఎంత బాగా అలవాటు చేసుకుందో" అని చూసినవాళ్లు మెచ్చుకునేవాళ్లు. ఆ మాట ఆమెకు తియ్యగానే ఉండేది.

కుడి బోల్టుదే మళ్లీ తీసుకుంటే ఆ మెప్పు ఎక్కడికీ పోదు. ఎడమ బోల్టుది అడిగితే, ఈమెకు అన్నీ ప్రత్యేకంగా కావాలట అంటారు. మూడో రకానికి బోల్టుకు బదులు లాగే మీట కింద ఉంటుంది, దానికి కుడీ లేదు ఎడమా లేదు, ఎవరి నోటికీ పని ఉండదు. కాకపోతే ఆ మీట ఆమె చేతికి ఏనాడూ నచ్చలేదు.

తేల్చుకోలేక ఉస్తాద్ దగ్గరికి వెళ్లింది. మస్తాన్ వలీ ఫౌజులో సుబేదారుగా చేసి వచ్చినవాడు. బనగానపల్లె అవతల, పనులు ఆగిపోయిన ఒక నాపరాతి గనిలో క్లబ్బు పిల్లలకు గురి నేర్పుతున్నాడు. ఆయన గురి తప్పగా చూసిన శిష్యుడు ఒక్కడూ లేడు.

నాగవేణి మూడు రకాల మంచీ చెడ్డా ఏకరువు పెట్టింది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ అంతా విన్నాడు.

"మీరే చెప్పండి ఉస్తాద్. మీరు యాదంటే అది."

ఉస్తాద్ ఆమె రోజూ కాల్చే రైఫిల్ తీసుకుని, చాప పరిచి బోర్లా పడుకున్నాడు. తుపాకీ కదలకుండా ఎప్పుడూ ఎడమ చేతికి బిగించుకునే పట్టీని కుడి చేతికి బిగించాడు. ఎప్పుడూ కుడి భుజానికి ఆనించే తుపాకీని ఎడమ భుజానికి ఆనించాడు. పక్కన కాలుస్తున్నవాళ్లు ఆపేసి చూడసాగారు.

మొదటి తూటా గురి కాగితాన్ని తాకనే లేదు. వెనక రాతిగోడ మీద దుమ్ము లేచింది.

బోల్టు కోసం చెయ్యి అవతలికి చాచేసరికి ఆయన మోచెయ్యి జారింది, చెంప పక్కకు తొలిగింది, తుపాకీ మూతి నేలకు వాలింది. వెనక ఎవరో నవ్వాపుకున్నారు. నాగవేణికి తల కొట్టేసినట్టయింది. చాలు, లేవమని బతిమాలింది.

"నేర్పు," అన్నాడు ఉస్తాద్.

ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. తుపాకీని కాస్త మీవైపు వంచితే బోల్టే చేతికొస్తుందని చెప్పింది. లాగేటప్పుడు ఊపిరి బిగబట్టమంది. మళ్లీ తుపాకీ నిలబెట్టి, చెంప పాత చోటే ఆనించి, మోచెయ్యి సర్దుకుని, అప్పుడు గురి చూడమంది. తనకిన్ని తెలుసని ఆమెకే తెలియదు.

తూటాలు కాగితం మీదికి వచ్చాయి. కానీ ప్రతి తూటాకూ ఆ పెద్దాయన ఒంగి, లేచి, వెతుక్కుని, మళ్లీ మొదటి నుంచి కుదురుకోవాల్సి వచ్చింది. గడ్డమంతా దుమ్ము కొట్టుకుపోయింది. మెడ నరాలు ఉబ్బాయి. నాగవేణి తనను తాను అలా పక్కనుంచి ఎన్నడూ చూసుకోలేదు. ఆయన మీద జాలేసింది. ఆ తుపాకీ మీద ఒళ్లు మండింది.

ఉస్తాద్ లేచి కూర్చున్నాడు. ఆయాసం తగ్గేదాకా ఆగి అడిగాడు.

"నన్నే రాష్ట్ర జట్టుకు పంపుతున్నారనుకో. నాకు యా రకం తెప్పిస్తావు?"

"ఎడమ బోల్టుదే," అంది నాగవేణి, ఆలోచించకుండానే. "దాంట్లో అడిగేదేముంది ఉస్తాద్? మిమ్మల్ని ఇంత అవస్థ పెట్టి కాల్పించేదెవరు?"

"మరి నీకు?" అన్నాడు ఉస్తాద్.

నాగవేణి లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా, గని మొదట్లో సెక్రటరీ కూర్చునే రేకుల షెడ్డు వైపు నడిచింది.