మళ్ళిచూపులమ్మ బండ

రాయలసీమ ఎర్రబండల నడుమ వెలసిన మళ్ళిచూపులమ్మ సన్నిధికి నేటికీ దారి లేదు. నున్నని బండ మీద అడుగుజాడ నిలవదు కనుక బాట పడలేదు. నిలువెత్తు రాతిగుండు రూపంలో ఉన్న అమ్మవారు మెడ తిప్పి వెనక్కి చూస్తూ ఉంటుంది. భక్తులు కూడా ప్రతి మలుపులో ఆగి, వచ్చిన వైపు ఒకసారి చూసుకుని మరీ నడుస్తారు. బయలుదేరాక వెనుదిరిగి చూడరాదని నమ్మే మనలో ఈ ఆచారం ఎలా వచ్చిందో పెద్దలు ఇలా చెబుతారు.

పూర్వం ఇక్కడ, గాజుపలకల మీద ఫోటోలు తీసే కాలంలో, ఓబుళపతి అనే ఫోటోగ్రాఫరు ఉండేవాడు. పెళ్ళిజంటలను తెర ముందు కూర్చోబెట్టి ఫోటోలు తీయడం అతని బతుకుతెరువు. మనసు మాత్రం ఎవరూ తొక్కని ఈ బండల మీదే ఉండేది. తీరిక దొరికితే చాలు, కెమెరా భుజాన వేసుకుని బాట వదిలి బండలెక్కేవాడు. శకునాల పట్టింపు కూడా అతనికి కాస్త ఎక్కువే.

ఒక వేసవి ఉదయం గడప దాటాడో లేదో, భార్య అక్కమ్మ వెనక నుంచి "ఏమయ్యో" అని పిలిచింది. పిలవడమే అపశకునం, తిరిగి చూస్తే పని పూర్తిగా చెడినట్టే అనుకుని, వినబడనట్టు చరచరా వెళ్ళిపోయాడు. అతను మరిచిన సొరకాయ నీళ్ళబుర్ర ఆమె చేతిలోనే ఉండిపోయింది.

మధ్యాహ్నానికి ఒక్క పలక తప్ప అన్నీ అయిపోయాయి. గొంతు ఎండిపోయింది. ఇంటికి పోదామని తిరిగితే ఒక్క బండా ఎరిగినట్టు లేదు. వచ్చేటప్పుడు చూసినవి వాటి ముఖాలు, ఇప్పుడు కనబడుతున్నవి వీపులు. ఇక ఇల్లు చేరనేమోనని ఓబుళపతి ఆ బండకూ ఈ బండకూ పరుగులు తీశాడు. కెమెరా మీది నల్లగుడ్డ ఎక్కడో జారిపడినా చూసుకోలేదు. ఒక గుండు నీడన కూలబడి కళ్ళు మూశాడు. కలలో ఒక ముసలమ్మ కనిపించింది.

"నా పక్కనే పోతివి గదప్పా, ఒకతూరన్నా ఎనక్కి జూస్తివా?"

"చూడగూడదంట గదమ్మా."

"జూడకపోతే ఇల్లెట్ల జేరుతావు నాయనా? నేను జూసేపక్కే నువ్వూ జూడు."

ఉలిక్కిపడి లేచి చూస్తే, నీడనిచ్చిన ఆ గుండు మెడ తిప్పి నిలబడిన ఆడమనిషిలా ఉంది. అది చూసే వైపే చూశాడు. బండవాలున అక్కమ్మ వస్తోంది, చంకలో నీళ్ళబుర్రతో. ఎర్రబండ మీద పడి ఉన్న నల్లగుడ్డను దూరం నుంచే గుర్తుపట్టి ఇటు తిరిగింది. మలుపు మలుపుకూ ఆగి, వెనక్కి చూసి, తిరుగుదారి గుర్తు పెట్టుకుని మరీ వచ్చింది.

నీళ్ళు తాగి ఓబుళపతి పసివాడిలా ఏడ్చాడు.

"పొద్దున పిలిస్తే పలకవేమి?" అంది అక్కమ్మ.

"ఎనక్కి తిరగ్గూడదని..."

"చాల్లే, ఇంకొంచెం తాగు."

మిగిలిన ఆ ఒక్క పలక మీద, వచ్చిన దారి వైపు కెమెరా తిప్పి, గుండు పక్కన భార్యను నిలబెట్టి ఫోటో తీశాడు. ఆ ఫోటో నేటికీ సన్నిధిలో ఉంది. ఇంటికి పోదాం పదమంటూ అక్కమ్మ కదలడం వల్ల ఆమె ముఖం చెదిరింది గానీ, చంకలోని నీళ్ళబుర్ర మాత్రం స్పష్టంగా పడింది.

అమ్మవారికి నైవేద్యం బుర్రెడు నీళ్ళే. దూరాన ఉన్న తమవాళ్ళు క్షేమంగా తిరిగి రావాలని వాటిని గుండు మీద పోసి మొక్కుకుంటారు. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఇప్పటికీ ఎవరైనా బయలుదేరితే ఇంటివాళ్ళు కావాలనే వెనక నుంచి పిలుస్తారు. వెళ్ళేవారు ఆగి, తిరిగి చూసి, "వస్తా" అని చెప్పి కదులుతారు.