బొంతను ఎటువైపు విప్పాలి

మా హైమ తొలికాన్పుకు పుట్టింటికి వచ్చిన ఏడు, మార్గశిర బహుళ దశమి, ఆదివారం. మధ్యాహ్నం మూడింటికి పది నిమిషాలు తక్కువ. వేళ ఇంత కచ్చితంగా ఎందుకు గుర్తుందంటే, ఆ ప్రశ్న నా చెవిన పడగానే అడిగినామె వంక చూడడానికి మొహం చెల్లక గోడగడియారం వంక చూశాను.

అడిగింది మా ఆడబిడ్డ కనకవల్లి. అడిగింది పేరిందేవమ్మ గారిని. ఆవిడ మా మామగారికి అక్క, కనకవల్లికి మేనత్త. చిన్న వయసులోనే భర్త పోతే ఆదోనికి, తమ్ముడి ఇంటికి వచ్చి, ఆ ఇంట్లోనే ఒక మూల తులసిమాలతో కూర్చుండిపోయారు. ఊళ్లో ఆవిడ దగ్గర మంత్రం తీసుకున్నవాళ్లు ముప్ఫై మందికి తక్కువ ఉండరు. వాళ్లలో కనకవల్లి ఒకతె. మేనత్తే ఆమెకు గురువు.

పేరిందేవమ్మ గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏమడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాళ్ల చేతిలో ఏ పని ఉందో ముందు చూసేవారు. చేయి ఖాళీగా ఉంటే ఏదో ఒకటి అప్పగించేవారు. చలికాలంలో అయితే అనపకాయలు. ఒలిచి ఒలిచి, అడగవలసింది మరిచిపోయి, ప్రసాదం తీసుకుని ఇంటికి వెళ్లినవాళ్లు కూడా ఉన్నారు.

ఆ రోజు మాత్రం మా ఇద్దరి చేతుల్లోనూ పని ఉంది. హైమకు, పుట్టబోయే బిడ్డకు కలిపి ఒక బొంత కుడుతున్నాం. నడవలో చాప పరిచి, నాలుగు పొరల పాత గుడ్డ వేసి, అంచుల మీద కంచు చెంబులు బరువు పెట్టాం. పైపొరకు రెండు చీరలు పక్కపక్కన అతికాం. నావైపు సగం నా పాత నేతచీర. ఎదుటివైపు సగం కనకవల్లి తెచ్చిన బచ్చలిపండు రంగు చీర. నేను ఈ అంచున, ఆమె ఆ అంచున కూర్చున్నాం. మా ఇంట్లో బొంత అంచు నుంచి లోపలికే కుడతారు. వరస తర్వాత వరస, బొటనవేలంత ఎడం వదిలి, గుడ్డను అరచేత్తో నిమురుకుంటూ నడుమకు జరగాలి. అట్ల కుడుతూ పోతే ఎదురెదురుగా కూర్చున్నవాళ్ల మోకాళ్లు చివరకు తగులుకుంటాయి.

మేము తగులుకునేంత దగ్గరకు వచ్చి ఏడాది దాటింది.

మా అత్తగారు పోయింది అంతకు ముందు మార్గశిరంలో. చాన్నాళ్లుగా మంచాన ఉన్న మనిషికి ఒక మంగళవారం జ్వరం వచ్చింది. డాక్టరు మాత్రలిచ్చాడు. జ్వరమే కదా, ఇంకో పూట చూద్దాం, ఊరికే కనకవల్లిని కంగారుపెట్టడం ఎందుకని రాయదుర్గంలో ఆమె ఇంటికి ఫోను చేయలేదు. బుధవారం కూడా అదే అనుకున్నాను. గురువారం తెల్లవారుజామున చేశాను. ఆమె బస్సు దిగి వచ్చేసరికి తల్లి కళ్లు మూసి ఉన్నాయి. తర్వాత కనకవల్లి అడిగినప్పుడల్లా నేను కారణాలు చెప్పాను. మాత్రలన్నాను, డాక్టరు మాటన్నాను, ఆమె ఇంట్లో అప్పుడు పెళ్లిపని ఉందన్నాను. చెప్పిందంతా నిజమే. అడగడం ఆమె మానేసింది. నాతో మాట్లాడడమూ మానేసింది.

ఆ ఆదివారానికి ముందురోజే సంవత్సరీకం జరిగింది. భోజనాలయ్యాక ఆమె తన అన్నతో, అంటే మా ఆయనతో, అందరూ వింటుండగా అంది: "అమ్మకు చేయవలసింది అయిపోయిందన్నా. సోమవారం పొద్దున ఆరున్నర బస్సుకు పోతాను. ఇంక ఈ గడప తొక్కే పని నాకు లేదు." ఆయన నా వంక చూశారు. నేను విస్తళ్లు ఎత్తుతున్నాను. మరునాడు ఆమె సూది పట్టుకుని కూర్చుంది కూడా నా కోసం కాదు. మేనకోడలి మీద ప్రేమ కొద్దీ, గురువు కూర్చోమన్నారు కాబట్టీ.

నాలుగో వరసలో ఉండగా అడిగింది. తల ఎత్తలేదు. గొంతు కూడా పెంచలేదు.

"అత్తా, తప్పు చేసినవాళ్లు తప్పన్న మాటే అనరు. చేయనివాళ్లే ఎందుకు తగ్గాలి?"

పేరిందేవమ్మ గారు గోడకు ఆనుకుని మాల తిప్పుతున్నారు. ఆమె చేతిలోని సూదిని చూశారు. నా చేతిలోని సూదిని చూశారు. మాల ముందుకు జరిగింది.

అక్కడి నుంచి నేను ఎట్ల కుట్టానో నాకు తెలియదు. చేయి పోతూనే ఉంది. నిమరడం మరిచాను. గుడ్డ సూది ముందర కొంచెం కొంచెంగా లోపలికి జరుగుతూ ఉంటే చూసుకోలేదు. ఎనిమిదో వరస అయ్యేసరికి బొంత నడుమ జానెడు మేర గుడ్డ పైకి లేచి కూర్చుంది. అరచేత్తో అదిమితే ఈ పక్క అణిగి ఆ పక్క లేచింది.

మా హైమ వంగలేదు కాబట్టి స్టూలు మీద కూర్చుని మాకు సూదుల్లో దారం ఎక్కించి ఇస్తోంది. అదే ముందు చూసి పేరిందేవమ్మ గారిని పిలిచింది.

"జేజీ, చూడు! బొంతక్కూడా నెలలు నిండినట్టున్నాయే!"

పేరిందేవమ్మ గారు నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది. కనకవల్లి పెదవుల దాకా వచ్చిన నవ్వును ఆపుకుని, గుడ్డ కొస ఎత్తి తన వరసలు చూసుకుంది. ఆమె కుట్టు చిన్నప్పటి నుంచీ అంతే, బియ్యపు గింజలు పేర్చినట్టు ఉంటుంది. తర్వాత నా వరసల మీదికి చేయి చాచింది. ముట్టకుండానే వెనక్కి తీసుకుంది.

"ఎటు నుంచి వచ్చిందో తెలుస్తానే ఉంది" అంది, హైమతో అన్నట్టుగా.

"నా వైపు నుంచే" అన్నాను. "నేనే విప్పుతాను."

బ్లేడు ముక్క తీసుకుని ఎనిమిదో వరస కొస తెంపి దారం లాగాను. రెండు కుట్లు వచ్చాయి. మూడోది రాలేదు. కొంచెం గట్టిగా లాగితే దారంతో పాటు గుడ్డ కూడా వచ్చింది. బెత్తెడు చిరుగు. లోపలి పొర కనిపించింది. ఇంకోచోట నెమ్మదిగా ప్రయత్నించాను. అక్కడా అంతే. మా బోరునీళ్లు ఉప్పు. ఆ నీళ్లలో రోజూ ఉతికిన చీర అది. కుట్టు వేస్తే పడుతుంది గాని తీస్తే ఓర్చుకోదు.

కనకవల్లి ముందుకు వంగి చిరుగును వేలితో తాకింది. ఏడాదిలో నా వైపు గుడ్డను ఆమె ముట్టడం అదే మొదలు.

"ఇంతగా నలిగిపోయిందేంది ఈ చీర?"

ఎవరిని అడిగిందో తెలియలేదు. నేనే చెప్పాను. "అత్తమ్మ మంచాన ఉన్నన్నాళ్లూ రెండే చీరలు తిప్పి తిప్పి కట్టినాను. ఇది ఒకటి."

నేను మళ్లీ బ్లేడు అందుకోబోయాను. అప్పుడు పేరిందేవమ్మ గారు మాల ఒడిలో పెట్టారు.

"ఆగమ్మా. తప్పు ఎటుందో చూసి విప్పితే ఈ గుడ్డ మిగలదు. తట్టుకునేది ఎటుందో చూసి విప్పండి."

బచ్చలిపండు రంగు చీర రెండేళ్లది కూడా కాదు. గట్టి నేత. దాన్ని అంచు దాకా విప్పితే నడుమ లేచిన గుడ్డంతా అటు జరుగుతుంది. మిగిలింది అంచులో మడిచి కుట్టేయవచ్చు. ఆ సంగతి బొంత కుట్టడం వచ్చినవాళ్లెవరికైనా ఒక్క చూపులో తెలుస్తుంది. కనకవల్లికి ఇంకా ముందే తెలుస్తుంది. ఆమె ముఖం ఎర్రబడింది.

"నా కుట్టు తిన్నగానే ఉంది కదత్తా! ఒక్కటి వంకర పోయిందేమో చూపించు. సరిగ్గా కుట్టిందాన్ని నేనెందుకు విప్పాలి?"

"తిన్నగానే ఉంది" అన్నారు పేరిందేవమ్మ గారు. "నేను చూశాను."

అంతే అన్నారు. ఇంకొక మాట వస్తుందని ఆమె ఎదురుచూసింది. నేనూ ఎదురుచూశాను. రాలేదు.

ఆ ఏడాదిలో మా ఇంట్లో అందరూ కనకవల్లికి ఏదో ఒకటి చెప్పారు. పోనీలే అన్నారు, పెద్దమనసు చేసుకో అన్నారు, చావు ఎవరి చేతిలో ఉందన్నారు. నీది తిన్నగానే ఉంది అని మాత్రం ఎవరూ అనలేదు. నేను అనవలసింది. నేను కారణాలు చెప్పాను.

ఆమె చేయి చాచింది. బ్లేడు ఆమె చేతిలో పెట్టాను.

ఎనిమిది వరసలు. బియ్యపు గింజల్లాంటి కుట్లు. ఒక్కొక్క వరసా కొస తెంపి, దారం లాగి, పక్కన కుప్ప పోసింది. మొదటి వరస తీసేటప్పుడు ఆమె కళ్లలో నీళ్లు ఉన్నాయి. అవి దుఃఖానివో కోపానివో నేను చెప్పలేను. గుడ్డ జారిపోతూ ఉంది. నేను లేచి, బొంత చుట్టూ తిరిగి వెళ్లి, ఆమె పక్కన కూర్చుని రెండు చేతులతో గుడ్డను బిగించి పట్టాను. మూడో వరసలోనో నాలుగో వరసలోనో నా నోటి నుంచి వచ్చింది.

"మంగళవారమే ఫోను చేసి ఉండాల్సింది, వల్లీ. నాదే తప్పు."

ఆ వెనుక ఒక కారణం చెప్పాలని నాలుక కొస దాకా వచ్చింది. దేవుడు దయ తలచి ఆపాడు.

కనకవల్లి చేయి ఆగలేదు.

"తెలుసు" అంది. కాసేపటికి, "గుడ్డ గట్టిగా పట్టుకో వదినా, జారిపోతాంది" అంది.

వదినా అని పిలిచిందని హైమ కళ్లతోనే నాకు సైగ చేసింది. దానివైపు చూడకుండా గుడ్డనే చూశాను.

ఎనిమిదో వరస విప్పాక ఆమె అరచేత్తో నడుమ నుంచి తన వైపుకు ఒక్కసారి నిమిరింది. లేచిన గుడ్డ అటు జరిగి, పొరలన్నీ చాప మీద చదునుగా పరుచుకున్నాయి. అప్పటికి నడవలో వెలుగు తగ్గింది. దీపాలవేళ సూది పట్టకూడదని పేరిందేవమ్మ గారు లేచారు. బొంతను అట్లనే వదిలేసి మేమూ లేచాం. ఆ రాత్రి భోజనాల దగ్గర మేమిద్దరం మాట్లాడుకున్నది ఏమంత లేదు. చారులో ఇంకొంచెం ఉప్పు పడాలని ఆమె అంది. వేశాను.

మరునాడు, సోమవారం, నేను లేచి ముగ్గు వేసి లోపలికి వచ్చేసరికి ఆరు కాలేదు. నడవలో లైటు వేసి ఉంది. కనకవల్లి స్నానం చేసి, తడి జుట్టు ముడి వేసుకుని బొంత దగ్గర కూర్చుని ఉంది. తన వైపు కాదు. నా వైపు. చిరిగినచోట తను తెచ్చిన బచ్చలిపండు రంగు చీర కొంగు నుంచి కత్తిరించిన ఒక ముక్క పెట్టి, చుట్టూ సన్నగా కుడుతోంది. పల్చటి గుడ్డ కాబట్టి సూది పడ్డప్పుడల్లా ఒకరు కింద చేయి పెట్టి ఆనించాలి. నేను పక్కన కూర్చుని చేయి పెట్టాను. ఆమె కొంచెం జరిగి చోటిచ్చింది.

మా ఆయన చొక్కా వేసుకుని స్కూటరు తాళం పట్టుకుని వచ్చారు.

"కనకా, ఆరుంబావు. బస్సుకు పోవాలంటే..."

"కాఫీ ఇటే తెచ్చియ్యి అన్నా" అంది ఆమె, తల ఎత్తకుండా. "సూది వదిలితే చోటు మరిచిపోతా."

ఆయన తాళం జేబులో వేసుకుని వంటింట్లోకి వెళ్లారు. కాఫీ కలపడం ఆయనకు రాదు. అది తాగలేక మేమిద్దరం మొహాలు చూసుకున్న సంగతి వేరే.

హైమ నిద్ర కళ్లతో వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఎదుటి అంచున విప్పిన గుడ్డ, దారాల కుప్ప అట్లనే ఉన్నాయి. అటు ఎవరూ లేరు. పేరిందేవమ్మ గారు అప్పుడే పూజ ముగించి తీర్థం గిన్నెతో నడవలోకి వచ్చారు.

"జేజీ, వీళ్లిద్దరూ ఒకపక్కే చేరినారు. ఆ పక్క ఎవరు కుడతారు?"

ఆవిడ ముందు కనకవల్లి చేతిలో తీర్థం పోశారు, తర్వాత నా చేతిలో, తర్వాత హైమకు. ఖాళీ అంచు వైపు ఒకసారి చూశారు.

"ఆ పక్క ఉండనీ" అన్నారు. "అదెక్కడికీ పోదు."