తాడు లోపలి నీడ

సంత పక్కన చెట్టు నీడ ఉన్న ఒక ఖాళీ జాగా ఉండేది. ఒకనాడు ఒక మనిషి వచ్చి దాని చుట్టూ తాడు కట్టి కూర్చున్నాడు. ఆ జాగా ఎవరిదని ఎవరూ అడగలేదు. తాడు కట్టినవాడిదే అనుకున్నారు.

బండివాడు ఎద్దుకు నీళ్లు పెట్టడానికి ఆ తాడు లోపల కాసేపు బండి ఆపాడు. వారానికి కాకి ఒక ఉత్తరం తెచ్చింది. బండి నిలిపినందుకు పది రూపాయలు. మళ్లీ వారం ఇరవై. మూడోది ఎర్రసిరాతో వచ్చింది: కట్టకుంటే ఎద్దును తోలుకుపోతాం.

కాకి దాన్ని బండివాడి ఇంటి చూరులో, వీధికంతా కనబడేలా గుచ్చింది. ఎర్ర ఉత్తరం ఉన్న ఇంటికి ఆ వీధిలో పొయ్యిలోకి నిప్పు కూడా ఇవ్వరు.

"ఇచ్చి పారెయ్ మావా, పరువు పోతోంది" అంది భార్య.

"ఎద్దు పోతే పరువుతో పొలం దున్నుతావా?" అన్నాడు బండివాడు. కాకిని అడిగాడు, "తోలుకుపోయే బంట్లేరీ?"

"ఉత్తరాలు మోసేదాన్ని నేను. బంట్లనయితే ఎన్నడూ చూడలేదు" అంది కాకి.

బండివాడు చూరులోని ఉత్తరం పీక్కుని తిన్నగా తాడువాడి దగ్గరికి పోయాడు. "ఈ నేల నీదని పత్రం చూపించు."

తాడువాడు అటూ ఇటూ చూసి ఉత్తరం చింపేశాడు. "నీది కొట్టేశాను. ఈ మాట నీ కడుపులోనే ఉంచుకో. తాడు లోపల నీడలో నీ బండికి ఎప్పుడూ చోటుంటుంది, ఊరికే."

బండివాడు ఇంటికి వచ్చేసరికి పక్కింటి గానుగవాడు అరుగు మీద ఎదురుచూస్తున్నాడు. అతని చూరులోనూ ఎర్ర ఉత్తరమే. నువ్వుల బస్తాలు దించుకోవడానికి ఒకసారి తాడు లోపల ఆగాడు.

"ఏం చేశావన్నా? అడిగితే వదిలేస్తాడా?"

బండివాడికి నీడ గుర్తొచ్చింది.

"ఎక్కడ వదుల్తాడు. కట్టేసి వచ్చాను" అన్నాడు.

మర్నాడు గానుగవాడు చేతిలో డబ్బు లేక తన ఎద్దును సంతకు తోలి అమ్మాడు. బాకీ తీరింది. చూరు ఖాళీ అయింది. ఇరుగుపొరుగు మళ్లీ నిప్పు ఇచ్చారు.

అప్పటినుంచి రోజూ పొద్దున్నే పక్కింట్లో గానుగ కిర్రుమంటుంది. కాడి కింద ఇప్పుడు గానుగవాడి భుజమే ఉంది.

ఆ చప్పుడు వినబడగానే బండివాడి ఎద్దు మేత మానేసి అటు తల తిప్పుతుంది. బండివాడు తిప్పడు.