విసనకర్రల పీట

మండుటెండల్లో ఒక మధ్యాహ్నం కోనగిరి రాజు భీమదేవుడికి కొత్త కోరిక పుట్టింది. స్తంభాల దగ్గర్నుంచి పైకప్పు దాకా అంతా టేకుతోనే కట్టిన కొలువుకూటం కావాలన్నాడు.

మంత్రి ఎల్లన మీసం దువ్వుకున్నాడు. కోట వెనక కొండ నిండా టేకే ఉంది, ఎల్లుండి గొడ్డళ్ళు పంపి ఒక్క ఊపున నరికించేస్తే దసరాకల్లా కూటం సిద్ధమన్నాడు.

రాజు వెనక నిలబడి విసురుతున్న సూరాంబ చెయ్యి ఆగిపోయింది. ఆయన ఉయ్యాలలో ఉన్ననాటి నుంచీ విసురుతున్న చెయ్యి అది. ఆమె చిన్నతనంలో ఒకసారి ఆ కొండను బోడి చేశారు. వాగు ఎండింది. కొండ మీది చల్లగాలి పోయి వడగాలి ఊళ్ళోకి దిగింది. అది కళ్ళారా చూసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది తనొక్కతే. తనకా, ఈమధ్య మతిమరుపు. తనూ మరిచిపోతే ఇక చెప్పేవాళ్ళే ఉండరని ఆమె బెంగ.

అందుకే అడక్కపోయినా నోరు విప్పింది. ముదిరిన చెట్లు ఏరి కొట్టుకోమంది. లేతవాటినీ, విత్తనం రాల్చేవాటినీ ఉంచమంది. ఖాళీ అయినచోట మొక్క నాటమంది. కూటం నిదానంగా లేస్తుంది, కొండా నిలుస్తుందంది.

ఎల్లనకు నవ్వొచ్చింది. "పొద్దున తిన్న కూరేమిటో చెప్పలేని అవ్వకు చిన్ననాటి ఎండలు గుర్తున్నాయట. నరికితే ఏమైందవ్వా, మళ్ళీ మొలుస్తాయి. అందాకా జనం ఓర్చుకుంటారు."

సభంతా నవ్వింది. రాజూ నవ్వాడు. సూరాంబ ఆ మాటలు మరిచిపోకుండా కొంగుకు ముడి వేసుకుని, కొలువు ముగియగానే తిన్నగా వడ్రంగి ఇంటికి నడిచింది.

మర్నాడు కొలువులోకి నిగనిగలాడే టేకుపీట వచ్చింది. కొత్త కూటానికి శకునంగా చేయించానంది సూరాంబ. రాజు మురిసిపోయి దానిమీద కూర్చున్నాడు. ఎల్లన దాని నునుపును తెగ పొగిడాడు.

ఎండ ముదిరింది. రాజుకు చెమట ధారలు కట్టింది. విసరమని చెయ్యి ఊపాడు. గాలి లేదు. వెనక్కి తిరిగి చూస్తే పరిచారికలు పిడుల్లేని తాటాకులు పట్టుకుని దిక్కులు చూస్తున్నారు.

"చూశారా ప్రభూ, అవ్వ మతిమరుపు విసనకర్రల దాకా వచ్చింది," అన్నాడు ఎల్లన.

"మరిచిపోలేదు మంత్రిగారూ. ప్రభువులు కూర్చున్నది ఆ పిడుల మీదే."

రాజు లేచి చూశాడు. నిజమే. నగరులోని పొడవాటి విసనకర్రల టేకుపిడులన్నీ వరసగా బిగించి ఉన్నాయి.

ఎల్లన మండిపడ్డాడు. "పీట కోసం ఎవరైనా విసనకర్రలు నరుకుతారా?"

సూరాంబ కొంగుముడి ఒకసారి తడిమి చూసుకుంది.

"నరికితే ఏమైంది బాబూ, మళ్ళీ మొలుస్తాయి. అందాకా ప్రభువులు ఓర్చుకుంటారు."

రాజు మొహం తుడుచుకుంటూ కిటికీలోంచి కొండకేసి చూశాడు. ఊరంతటికీ విసురుతున్న పచ్చటి విసనకర్రలా కనిపించింది. అప్పుడొచ్చింది ఆయనకు నవ్వు. పొట్ట పట్టుకుని నవ్వాడు.

కొండకు గొడ్డళ్ళు పంపొద్దన్నాడు. కూటం అవ్వ చెప్పినట్టే లేవాలన్నాడు. కొత్త పిడులు వచ్చేదాకా ఎల్లన తన పట్టు ఉత్తరీయంతో విసరాలన్నాడు. చేతికున్న కంకణం తీసి సూరాంబ చేతికి తొడిగాడు.

ఆమె దండం పెట్టి, రాజు ఉత్తరీయం కొస అందుకుని దానికో ముడి వేసింది.

"ఇదెందుకవ్వా?"

"తొలకరికి కొండ మీద మొక్కలు నాటించాలి గదా ప్రభూ. నేను మరిచిపోయినా మీకు గుర్తుండాలి."

సభ గొల్లుమంది. ఎల్లన మాత్రం నవ్వలేదు. విసరడంలో ఊపిరి సలపడం లేదు.