మైనం పెట్టిన బెజ్జాలు

పున్నారావుకి ఏడుపొక్కటే తక్కువ. తెల్లారితే గురువుగారి పళ్లన్నీ పీకేస్తారు. పళ్లు పోయాక సన్నాయి పీక మీద పట్టు నిలవదు. ఆఖరిసారి ఆయన వాయించే తోడి రాగాన్ని రికార్డు చేయాలని, విడిభాగాలు తెచ్చి సొంతంగా కంప్యూటరు కట్టాడు. అందులో మ్యాక్ సిస్టం ఎక్కించాడు. అంతా బాగానే ఉంది గానీ, మైకు తగిలించే ఆడియో బాక్సుకి మాత్రం దీపం వెలగడం లేదు.

నరసరావుపేటలో నాగూర్ సాహెబు సన్నాయి లేకుండా ఒకప్పుడు పెళ్లి ముహూర్తాలు పెట్టేవాళ్లా? పున్నారావుని చిన్నప్పుడు సైకిలు వెనక కూర్చోబెట్టుకుని ఊరూరా తిప్పిన గురువుగారు ఆయనే. చలిలో ఆయన తోడి అందుకుంటే వంటవాళ్లు సైతం గరిటెలు ఆపి వినేవాళ్లు. భోజనాల దగ్గర తన ఆకులో బూరె తీసి శిష్యుడి ఆకులో వేసేవాడు. అబ్బ, ఏం రోజులవి!

"ఏందిరా, ఇంకా లేవలా నీ యంత్రం?" మంచం మీంచి అడిగాడు సాహెబు.

"యూఎస్‌బీ పోర్టులతో వచ్చింది చిక్కు, గురువుగారూ. ఈ సిస్టం పదిహేనుకి మించి లెక్కలోకి తీసుకోదు. వేగంగా పనిచేసే నీలం పోర్టయితే ఒక్కోటీ రెండు కింద లెక్క. మన బాక్సు తీగ పట్టే రకం పోర్టులు చివర్లో పడి బయటే ఉండిపోయాయి."

"మరి ముందున్నవాటిల్లో ఏం పెట్టావు?"

"కీబోర్డూ, మౌసూ తప్ప ఏమీ పెట్టలేదండీ. ఎప్పుడైనా పనికొస్తాయని అన్నీ తెరిచి ఉంచా. ఇన్ని పోర్టులున్నాయని ఏరికోరి తెచ్చుకున్న బోర్డు, ఒక్కటి మూయాలన్నా ప్రాణం ఒప్పడం లేదు."

సాహెబు సన్నాయి చేతిలోకి తీసుకున్నాడు. వేళ్లు ఆడే బెజ్జాల కింద, అడుగున మైనం పెట్టి మూసినవి కొన్ని ఉంటాయి. గోరుతో ఆ మైనమంతా గీకి తీసేసి, ఊదాడు.

శ్రుతి జారిపోయింది. పున్నారావు మొహం చిట్లించాడు. గురువుగారి సన్నాయిలో అపస్వరం వినడం వాడికదే మొదలు.

ఆయన సన్నాయి దించాడు. మైనాన్ని బొటనవేలితో మెదిపి ఒక్కో బెజ్జమూ మూసుకుంటూ వచ్చాడు. మళ్లీ ఊదాడు. ఈసారి షడ్జం నిలబడింది.

పున్నారావు కాసేపు తల గోక్కున్నాడు. ఆ తరవాత పెన్‌డ్రైవు పట్టుకుని కంప్యూటరు వెనక చేరాడు. ఒక్కో పోర్టులో గుచ్చి, తెర మీది జాబితాలో ఏ పేరు ఏ పోర్టుదో కనిపెట్టాడు. కీబోర్డుకీ, మౌసుకీ, బాక్సుకీ కావాల్సినవి ఉంచుకుని, తక్కినవి లెక్కలోంచి తీసేశాడు. కంప్యూటరు ఆపి మళ్లీ వేశాడు.

బాక్సు మీద పచ్చదీపం వెలిగింది.

పొద్దు వాలేదాకా వాయించాడు సాహెబు. కదిలే పళ్ల మధ్య పీక వణికింది గానీ తోడి వణకలేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటున్న పున్నారావుకి కళ్లనీళ్లు ఆగలేదు. బూరెలూ, సైకిలూ, ఆ చలీ అన్నీ గుర్తుకొచ్చాయి.

వాయించడం అయ్యాక ఆయన సన్నాయిని గుడ్డతో తుడిచి శిష్యుడి ఒళ్లో పెట్టాడు.

"నాకెందుకండీ ఇది? మీరు ఊదకుండా పక్కన కూర్చుంటే నేనెట్టా వాయించను?" తిరిగి ఇవ్వబోయాడు పున్నారావు.

సాహెబు వంగి, మైనం పెట్టిన బెజ్జాల మీద వేలితో నిమిరాడు.

"మూసిన బెజ్జం కూడా సన్నాయిదేరా. ఊదు."