గుగ్గిలం రుద్దని కమాను

అనగా అనగా, రాజులు కూడా పని మానుకుని పాట వినే రోజుల్లో, ఒక కోటలో మంద్రసారంగి అనే వాద్యం ఉండేది. మనిషంత ఎత్తు. దాని గొంతు దూరాన ఉరిమినట్టు ఉండేది. దాన్ని కమానుతో వాయించగలవాడు ఆ రాజ్యంలో తిప్పన ఒక్కడే.

ముసలి గాయకుడు అహోబలయ్య చెక్క వేదిక మీద తిప్పన పక్కనే, ఉత్త కాళ్ళతో నిలబడి పాడేవాడు. మెప్పంతా ఆయనకే. అడుగున మోగే మంద్రం ఎవరికి పట్టింది?

ఒకనాటి సభలో తిప్పన కమానుకు గుగ్గిలం రుద్దడం మరిచాడు. గుగ్గిలం లేని కమాను ఎంత లాగినా తీగ పలకదు. పలకలేదు. అయినా ఎవరూ కనిపెట్టలేదు, సభ చివర అతనికీ శాలువా మామూలుగానే కప్పారు. "ఓహో, చెయ్యి ఊపితే చాలన్నమాట" అనుకున్నాడు మహానుభావుడు. ఆపైన గుగ్గిలం జోలికే పోలేదు.

ఆనాడే అహోబలయ్య శ్రుతి కాస్త జారింది. పడిశం పట్టిందనుకున్నారు. రెండో సభలో ఇంకా జారింది. జనం ముసిముసిగా నవ్వారు. మూడో సభలో, పొరుగు రాజు ముందు, పాట నడుమ ఆగిపోయింది. కోట రాజు ముఖం ముడుచుకుని, ముసలాయనను ఇక వెళ్ళిపొమ్మని చేత్తో సైగ చేశాడు.

అహోబలయ్య వంగి తిప్పనతో మెల్లగా అన్నాడు: "నాయనా, ఎవరికీ చెప్పలేదు గానీ, నాకు చెవులు పోయి ఏడాదైంది. నీ మంద్రం చెక్కలోంచి నా అరికాళ్ళకు తెలిసేది. అది పట్టుకునే పాడేవాణ్ణి. ఇప్పుడు ఈ పాడు కాళ్ళు కూడా మొద్దుబారాయి. నా మూలంగా నీ వాద్యానికి మాట వచ్చింది, ఏమనుకోకు."

తిప్పనకు తల కొట్టేసినట్టయింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ ఒంటి మీద శాలువా ముళ్ళకంపలా గుచ్చుకుంది. దాన్ని తీసి రాజు ముందు పెట్టాడు.

"ప్రభూ, తప్పు ఆయనది కాదు, నాది. మూడు సభలుగా మూగ కమాను లాగుతున్నాను. ఏ శిక్షయినా వెయ్యండి. ముందు ఆయన్ని ఒక్క పాట పాడనివ్వండి" అన్నాడు.

సభంతా విన్నది. అహోబలయ్యకు మాత్రం వినబడలేదు.

రాజు సరేనన్నాడు. తిప్పన గుగ్గిలం రుద్ది కమాను లాగాడు. వేదిక చెక్క వణికింది. ముసలాయన కాలివేళ్ళు విచ్చుకున్నాయి. పాట ఎత్తుకున్నాడు. ఈసారి శ్రుతి వెంట్రుకవాసి కూడా జారలేదు. రాజు లేచి, తిప్పన విడిచిన శాలువా ఆయనకు కప్పాడు.

అహోబలయ్య తిప్పన తల నిమిరి, "చచ్చిన కాళ్ళకు ప్రాణం పోశావు నాయనా, చల్లగా ఉండు" అని దీవించాడు. తిప్పన సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. రాజు వేరే శిక్ష వెయ్యలేదు.

పిల్లలూ, ఎవరూ వినడం లేదని మీ పని ఎగ్గొట్టకండి. దాని ఆసరాతో ఎవరు నిలబడి ఉన్నారో మీకు తెలియదు.